ఆఫ్రికా అంతటికీ ఒకే ఎస్‌డీఎస్ సరిపోతుందా? డర్బన్ నుంచి వెనక్కొచ్చింది

కొత్త_ఎగుమతి
అందరికీ నమస్కారం. జీడిమెట్లలో మాది చిన్న యూనిట్, పెయింట్లు పలుచన చేసే ఎన్‌సీ థిన్నర్ చేస్తాం. పదేళ్లుగా ఇక్కడే అమ్ముకుంటున్నాం. ఈ ఏడాది మొదటిసారి ఆఫ్రికా ఆర్డర్లు మూడు వచ్చాయి: డర్బన్ (దక్షిణాఫ్రికా), దారెస్సలాం (టాంజానియా), మపూటో (మొజాంబిక్). మా దగ్గరున్న ఎంఎస్‌డీఎస్ (రసాయన భద్రతా సమాచార పత్రం, ఎస్‌డీఎస్ అన్నా అదే) ఒక్కటే ముగ్గురికీ పంపాను. డర్బన్ పార్టీ మర్నాడే తిప్పికొట్టాడు. ఇది మా 2021 నిబంధనలకు సరిపోదు, 16 విభాగాల్లో పంపండి అని రెండే లైన్లు. మిగతా ఇద్దరూ ఇంకా నోరు విప్పలేదు.

ఆఫ్రికా అంతటా చెల్లే ఎస్‌డీఎస్ ఒకటి తయారు చేసుకోవచ్చా? ఒక కన్సల్టెంటు దేశానికింత అని రేటు చెప్పాడు, వింటేనే టెన్షన్ వచ్చింది. షీట్‌లో ముఖ్యమైనవి రాస్తున్నా, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

టోలీన్ 55 శాతం, అసిటోన్ 30, బ్యూటైల్ అసిటేట్ 15. ప్రమాదాలు: మండే ద్రవం, చర్మానికి చికాకు. ఫ్లాష్ పాయింట్: అందుబాటులో లేదు. మింగితే: ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలి. రవాణా: యూఎన్ 1993, తరగతి 3. అత్యవసర ఫోన్: ఫ్యాక్టరీ ల్యాండ్‌లైన్.

లేబుల్_మాస్టర్
ఒకటి సరిపోదు అన్నా. ఎస్‌డీఎస్‌లకు మూలమైన జీహెచ్‌ఎస్ చట్టం కాదు, రసాయనాల వర్గీకరణకు, లేబుళ్లకు ఐక్యరాజ్యసమితి వేసిన పుస్తకం. 2003లో తొలి కూర్పు వచ్చింది, రెండేళ్లకోసారి సవరిస్తారు. ఏ కూర్పు తీసుకోవాలో, అందులో ఏ భాగాలు తీసుకోవాలో ఏ దేశానికాదేశం తన చట్టంలో రాసుకుంటుంది. 2002లో జొహన్నెస్‌బర్గ్ శిఖరాగ్ర సభలో 2008 కల్లా అన్ని దేశాల్లో ఇది అమలు కావాలని రాసుకున్నారు. మారిషస్ 2004లోనే ప్రమాదకర రసాయనాల చట్టం చేసుకుంది. ఆ జొహన్నెస్‌బర్గ్ ఉన్న దక్షిణాఫ్రికా మాత్రం 1995 నాటి పాత నిబంధనలు తీసేసి కొత్తవి తెచ్చేసరికి 2021 మార్చి అయింది. వర్గీకరణకు, ఎస్‌డీఎస్‌కు, లేబుల్‌కు ఇంకో 18 నెలలు గడువిచ్చారు. అది 2022 సెప్టెంబరులో అయిపోయింది. మీ డర్బన్ పార్టీ చెప్పింది ఆ ప్రమాదకర రసాయనాల (హెచ్‌సీఏ) నిబంధనల గురించే. వర్గీకరణ ఎలా చెయ్యాలో చెప్పే అక్కడి ప్రమాణం పేరు ఎస్‌ఏఎన్‌ఎస్ 10234.

మీరు పంపింది ప్రమాదకర రసాయనాల మీద మన 1989 ఎంఎస్‌ఐహెచ్‌సీ రూల్స్‌లో 9వ షెడ్యూల్ నమూనా అయి ఉంటుంది. అందులో 16 విభాగాలు లేవు, హెచ్ నంబర్లతో ఉండే ప్రమాద వాక్యాలూ ఉండవు. ఇక్కడ ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడని అక్కడ ఒప్పుకోరు.

కన్సల్టెంటు చెప్పినట్టు ప్రతి దేశానికీ మొదటి నుంచి చెయ్యాల్సిన పని కూడా లేదు. గట్టి మూల ప్రతి ఒకటి చేసుకోండి. దేశాన్ని బట్టి విభాగం 1 (సరుకు, అమ్మేవారి వివరాలు), 8 (పని చోట హద్దులు, తొడుగులు), 13 (పారవేసే పద్ధతి), 15 (చట్టాలు) మారతాయి, భాష మారుతుంది. ఒక్కోసారి 2 (ప్రమాదాల వర్గీకరణ) కూడా.

రిటైర్డ్_సేఫ్టీ
బాబూ, దేశాల సంగతి తర్వాత. ముందు ఆ ఉప్పునీళ్ల లైను తీసెయ్యి. ఈ క్షణమే.

టోలీన్ నీళ్లకంటే పలుచన. మింగినవాడు పొట్టలో ఉంచుకుంటే ఒక బాధ. వాంతి చేయిస్తే పైకొచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, రసాయన న్యుమోనియా వస్తుంది. జీహెచ్‌ఎస్‌లో దీనికి వేరే వర్గమే ఉంది, హెచ్304. మింగి శ్వాసనాళాల్లోకి పోతే ప్రాణాంతకం అని. ఇలాంటి హైడ్రోకార్బన్లు 10 శాతానికి చేరి, మిశ్రమం స్నిగ్ధత (చిక్కదనం) 40 డిగ్రీల దగ్గర 20.5 చదరపు మిల్లీమీటర్లు పర్ సెకను లోపు ఉంటే ఆ వాక్యం రాసి తీరాలి. నీ థిన్నరు ఆ హద్దుకు దరిదాపుల్లో కూడా ఉండదు, అంత పలుచన. దానికి జోడు జాగ్రత్త వాక్యం పీ331, వాంతి చేయించవద్దు.

నేను ముప్పై ఏళ్లు ప్లాంట్లలో చేశాను. కాగితం నమ్మి వాంతి చేయించిన కేసు ఒకటి కళ్లారా చూశాను. అందుకే గొంతు పెంచాల్సి వస్తోంది.

కొత్త_ఎగుమతి
సార్, చేతులు వణుకుతున్నాయి. ఆ షీట్ మా నాన్నగారి టైములో ఎవరో టైపు చేసిచ్చింది. కంపెనీ పేరు మార్చుకుంటూ వాడుతున్నాం. ఇప్పుడే సేల్స్ వాళ్ల ఫోల్డర్‌లోంచి కూడా తీయించాను.

ల్యాబ్‌లో_రాత్రి
మంచి పని చేశారు. ఇక లెక్క చూద్దాం. మీరు రాసిన శాతాలు నిజమైతే విభాగం 2లో రెండు కాదు, ఏడెనిమిది ఉండాలి. హెచ్225, బాగా మండే ద్రవం, ఆవిరి. హెచ్304 సార్ చెప్పారు. హెచ్315 చర్మం. అసిటోన్ 10 శాతం దాటింది కాబట్టి హెచ్319 కళ్లు. హెచ్336 మగత, తలతిరుగుడు. హెచ్361డీ, కడుపులో బిడ్డకు హాని చేయవచ్చన్న అనుమానం, టోలీన్ వల్ల. హెచ్373, ఎక్కువకాలం పీలిస్తే అవయవాలకు దెబ్బ, అదీ టోలీన్ పుణ్యమే. లేబుల్ మీద పెద్దగా వేసే సంకేత పదం 'ప్రమాదం'. బొమ్మలు మూడు: మంట, ఆశ్చర్యార్థకం, గుండె దగ్గర నక్షత్రం పగిలినట్టుండే మనిషి.

ఐరోపా షీట్లు చూసి కాపీ కొట్టేవాళ్లు అసిటోన్‌కు ఈయూహెచ్066 కూడా ఎత్తుకొస్తారు. అది ఐరోపా సొంత వాక్యం, జీహెచ్‌ఎస్‌లో లేదు. డర్బన్ షీట్‌లో కనబడితే మీరు ఎక్కడి నుంచి ఎత్తారో ఇట్టే తెలిసిపోతుంది.

ఫ్లాష్ పాయింట్ అందుబాటులో లేదు అని రాయకూడదు. 23 డిగ్రీల లోపు ఉంటేనే, మరగడం 35 పైన మొదలైతేనే ప్యాకింగ్ గ్రూప్ (రవాణాలో ప్రమాద స్థాయి) రెండు. ఆ అంకె లేకుండా గ్రూపు ఎలా రాస్తారు? ల్యాబ్‌లో ఒక్క పూట పని, చేయించండి.

ఇంకో మాట. ఆ అసిటోన్ ఫ్రెష్‌దా, రికవర్డా (ఒకసారి వాడి తిరిగి తీసిందా)?

కొత్త_ఎగుమతి
మేడమ్, అది... రికవర్డే. ఫార్మా యూనిట్ల నుంచి తీసుకునే వ్యాపారి ఒకాయన ఇస్తాడు. ఇక్కడ అందరూ అదే వాడతారు. రేటులో చాలా తేడా.

ల్యాబ్‌లో_రాత్రి
వాడటం తప్పనడం లేదు. కానీ అసిటోన్, మిథనాల్ కలిస్తే ఎజియోట్రోప్ అవుతుంది. రెండూ కలిసి 55 డిగ్రీల దగ్గర ఒక్కటిగా మరుగుతాయి, మామూలు డిస్టిలేషన్‌తో విడదీయలేం. ఆ ప్లాంట్లలో మిథనాల్ వాడితే అది మీ డ్రమ్ములోకి వచ్చి కూర్చుంటుంది. మీరు 30 శాతం అసిటోన్ అని రాస్తున్నది నిజానికి ఎంత అసిటోనో మీకే తెలియదు. ఏది ఎంతుందో తేల్చే గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ) చేయించి ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా విభాగం 3 (ఏమేం ఎంత కలిశాయో) గురించి మాట్లాడుకోవడం దండగ.

బ్లీచింగ్_బాస్
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మాది సోడియం హైపోక్లోరైట్. మొంబాసా, లాగోస్ అడుగుతున్నారు. వాళ్లక్కూడా ఇదే తంతా?

లేబుల్_మాస్టర్
తంతు వేరు గురూ. కెన్యాకు సరుకు ఎక్కకముందే తనిఖీ ఉంటుంది. కెన్యా ప్రమాణాల సంస్థ 2005 నుంచి నడుపుతున్న పీవీఓసీ అది. అనుమతి ఉన్న తనిఖీ ఏజెన్సీ ఇక్కడే చూసి కన్ఫర్మిటీ సర్టిఫికెట్ ఇస్తేనే ఓడ ఎక్కించండి. అక్కడ దిగాక చూసుకుందాం అనుకుంటే జరిమానా. ఎస్‌డీఎస్ మాట వేరే చట్టంలో ఉంది, 2007 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం. అంటే గుమ్మాలు రెండు.

నైజీరియాలో రసాయనాల అనుమతి ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ నాఫ్‌డాక్ చూస్తుంది, ప్రమాణాల సంస్థ సాన్‌క్యాప్ సర్టిఫికెట్ విడిగా ఉంటుంది. పేలుడు పదార్థాలకు పనికొచ్చే కొన్ని రసాయనాలకు జాతీయ భద్రతా సలహాదారు కార్యాలయం నుంచి ఎండ్ యూజర్ సర్టిఫికెట్ కూడా కావాలి. నాఫ్‌డాక్ అనుమతి, ఎండ్ యూజర్ సర్టిఫికెట్ అక్కడి దిగుమతిదారు పెట్టుకునే అర్జీలు. మీరివ్వాల్సింది సరైన ఎస్‌డీఎస్, అనాలిసిస్ సర్టిఫికెట్. రెండింట్లో పేరు, కాస్ నంబర్ (రసాయనపు గుర్తింపు సంఖ్య), గాఢత అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మీది 7681-52-9, యూఎన్ 1791, తరగతి 8. ఎక్కువ ప్రశ్నలుంటే కొత్త దారం మొదలుపెట్టండి, పాపం థిన్నర్ ఆయనది పాడవుతోంది.

సీహెచ్ఏ_విశాఖ
థిన్నర్ అన్నా, మీ విభాగం 14 (రవాణా) చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1993 అంటే పేరు దొరకని మండే ద్రవం. మీ సరుక్కి సొంత పేరుంది. పెయింట్ థిన్నర్లు యూఎన్ 1263 కిందకొస్తాయి, పెయింట్ రిలేటెడ్ మెటీరియల్ అని. పేరున్నదానికి పేరు లేని నంబర్ వెయ్యడానికి సముద్ర రవాణా నియమావళి ఐఎండీజీ ఒప్పుకోదు.

పోయినేడు ఒక పార్టీది ఇలాగే అయింది. ప్రమాదకర సరుకు (డీజీ) డిక్లరేషన్‌లో 1263, ఎస్‌డీఎస్‌లో 1993, డ్రమ్ము మీద ఏదీ లేదు. షిప్పింగ్ లైన్ బుకింగ్ ఆపేసింది, కంటైనర్ యార్డులో పదకొండు రోజులు పడుంది. యార్డు అద్దె కట్టి కట్టి ఆయన లాభం మొత్తం పోయింది.

దారెస్సలాం_తెలుగోడు
ఇక్కడ పన్నెండేళ్ల నుంచి గోడౌన్ నడుపుతున్న, కాబట్టి దారెస్సలాం సంగతి నేను చెప్త. టాంజానియాలో 2003 నాటి పారిశ్రామిక, వినియోగ రసాయనాల చట్టం ఉంది. చూసేది ప్రభుత్వ రసాయనవేత్త ప్రయోగశాల అథారిటీ, జీసీఎల్ఏ అంటరు. రసాయనాల వ్యాపారం చేసేటోడు అక్కడ రిజిస్టర్ కావాలె, దిగుమతికి పర్మిట్ తీసుకోవాలె. మీ బయ్యర్ రిజిస్ట్రేషన్ కాపీ అడిగి మీ దగ్గర పెట్టుకోండి. లేదంటే సరుకు పోర్టుల కూసుంటది, ఫోన్లు మీకొస్తయి.

ఇంకొకటి అడగండి. సరుకు ఈడనే ఉంటదా, లుబుంబాషీ పోతదా? థిన్నర్, సాల్వెంట్లు చానా వరకు లారీల మీద జాంబియా దాటి కాంగో పోతయి. అట్లయితే మీ కాగితం మూడు దేశాలు తిరుగుతది, ఆఖరుకు చదివేటోడు ఫ్రెంచి మనిషి.

మీ ల్యాండ్‌లైన్ గురించి. ఈడ సాయంత్రం అయిదంటే మీకు ఏడున్నర. ఎవరెత్తుతరు, వాచ్‌మనా?

కొత్త_ఎగుమతి
వాచ్‌మనే అన్నా. అతనికి హిందీ కూడా రాదు.

బయ్యర్‌ను అడిగాను. సగం దారెస్సలాంలో, సగం లుబుంబాషీకి అట. ముందే ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదు కదా అన్నాడు.

నిజం_చెప్తా
ఇంత హడావిడి ఎందుకో నాకర్థం కాదు. ఇంగ్లీషులో ఒకటి పంపి పడేస్తే చాలు. ఆ పదహారు విభాగాలు ఎవడూ చదవడు, ఫైల్లో పెట్టుకుంటాడు అంతే.

భాషల_పంతులమ్మ
చదవరు కాబట్టి ఇంగ్లీషు చాలు అంటున్నారు. ఇంగ్లీషులో పంపుతున్నారు కాబట్టి చదవడం లేదేమో, అదీ ఆలోచించండి.

నేను ఫ్రెంచి, పోర్చుగీసు సాంకేతిక అనువాదాలు చేస్తాను. ప్రమాదకర రసాయనాల వ్యాపారం మీద చేసుకున్న రాటర్‌డామ్ ఒప్పందం జాబితాలో ఉన్న రసాయనాల విషయంలో ఎస్‌డీఎస్ సమాచారం వీలైనంతవరకు దిగుమతి దేశపు అధికార భాషలో ఇవ్వాలని 13వ అధికరణం చెబుతోంది. థిన్నర్ ఆ జాబితాలో లేకపోయినా పద్ధతి అదే. మపూటోకు పోర్చుగీసు, లుబుంబాషీకి ఫ్రెంచి.

మెషిన్ అనువాదంతో హెచ్ వాక్యాలు మాత్రం చేయించకండి. వీటికి ఖాయమైన పాఠాలున్నాయి. ఫ్రెంచి, అరబిక్ పాఠాలు ఐక్యరాజ్యసమితి కూర్పులోనే దొరుకుతాయి. పోర్చుగీసు ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో లేదు, రసాయనాల లేబుళ్ల మీద ఐరోపా చేసిన సీఎల్‌పీ నియమావళిలోంచి తీసుకోవాలి. బ్రెజిల్ షీట్ కాపీ కొడితే మాటల తీరు తేడాగా ఉంటుంది, మొజాంబిక్ వాళ్లు లిస్బన్ పద్ధతిలో రాస్తారు.

ఫ్రెంచిలో తక్కువ ప్రమాదానికి వేసే సంకేత పదం అతాన్సియో. మెషిన్ దాన్ని అవెర్టిస్మా అని పెడుతుంది. మండేది ఆంఫ్లమాబ్ల్, మండనిది ఇనాంఫ్లమాబ్ల్, మొదట్లో ఒక్క అక్షరజంట తేడా. ఒకసారి మా టైపిస్టు టోలీన్‌ను మండని ద్రవం చేసి పెట్టింది. ప్రూఫులో పట్టుకున్నాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దారెస్సలాం_తెలుగోడు
స్వాహిలి పాఠం ఆ రెండు పుస్తకాలల్ల లేదు కదా పంతులమ్మగారూ. మేమే రాసుకున్నం. ఈడ 200 లీటర్ల డ్రమ్ము డ్రమ్ము లెక్క ఉండదు. కరియాకో మార్కెట్ చుట్టుపక్కల విప్పి లీటరు, అర లీటరు సీసాలల్ల పోసి స్ప్రే పెయింటర్లకు అమ్ముతరు. నీళ్ల సీసా అనుకొని పిల్లలు తాగిన కేసులు విన్న. మీ పదహారు పేజీలు డ్రమ్ము దాకనే, సీసా దాక రావు. నేను డ్రమ్ముతోని చిన్న స్టిక్కర్ల కట్ట ఇస్త. పెద్ద అక్షరాలల్ల హతారీ, కింద సుము, దాని కింద మంట బొమ్మ. ప్రమాదం, విషం అని. అతికించేటోళ్లు సగం మందే, సగమన్నా అతికిస్తరు.

నిజం_చెప్తా
సరే, స్టిక్కర్ మాట ఒప్పుకుంటా. ఫైల్ మాట మాత్రం ఒప్పుకోను.

రిటైర్డ్_సేఫ్టీ
విభాగం 8 ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటా. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో టోలీన్‌కు ఎనిమిది గంటల హద్దు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100) అని ఉండేది. పని చోట ఆరోగ్యం చూసే అమెరికా నిపుణుల సంఘం, ఏసీజీఐహెచ్, ఇచ్చే విలువ 20. అయిదు రెట్ల తేడా. డర్బన్ షీట్‌లో మన 100 వేసి పంపావంటే అక్కడి హైజీనిస్టు మొదట దాన్నే ఎర్రగీత కొడతాడు. దక్షిణాఫ్రికా నిబంధనల అనుబంధంలో వాళ్ల సొంత పట్టికలున్నాయి, అందులోని అంకె వెయ్యి. సొంత పట్టిక లేని దేశానికైతే ఏసీజీఐహెచ్ విలువ వేసి, అది ఏసీజీఐహెచ్‌దే అని పక్కన రాయి. ఎవరి అంకో చెప్పకుండా ఒట్టి అంకె వెయ్యడం దొంగ లెక్క కింద లెక్క.

చేతి తొడుగులు ధరించండి అని కూడా రాయకు. ఏ తొడుగు? టోలీన్, అసిటోన్ రెండూ ఉన్న థిన్నరుకు మామూలు నైట్రైల్ ఎంతోసేపు ఆగదు, అసిటోన్ దాన్ని తినేస్తుంది.

కొత్త_ఎగుమతి
జీసీ రిపోర్టు వచ్చింది. ఫ్లాష్ పాయింట్ సున్నా కంటే కింద. మొత్తం థిన్నర్‌లో మిథనాల్ 4 శాతం, అసిటోన్ 26. మేడమ్ చెప్పిందే నిజమైంది. ఇప్పుడేం మారుతుంది? ఫార్ములా బయటపడకుండా శాతాలు పరిధిలో ఇవ్వొచ్చా?

ల్యాబ్‌లో_రాత్రి
పరిధి ఇవ్వొచ్చు, కానీ వర్గీకరణ ఎగువ అంకెకు చెయ్యాలి. మిథనాల్ 1 నుంచి 15 అని రాస్తే 15 ఉన్నట్టే లెక్కకట్టాలి. దాచుకోవాలన్న ఆశ ఎంత పెరిగితే లేబుల్ అంత భయంకరంగా తయారవుతుంది.

4 శాతం మిథనాల్‌తో హెచ్371 వస్తుంది, అవయవాలకు హాని కలిగించవచ్చు. విభాగం 4లో (ప్రథమ చికిత్స), 11లో (విష ప్రభావాలు) కంటి నరాలు దెబ్బతింటాయని, మిథనాల్ విషానికి డాక్టరు చెయ్యాల్సిన ప్రత్యేక చికిత్స ఉందని రాయాలి. లక్షణాలు గంటల తర్వాత మొదలవుతాయి, బాగానే ఉన్నాడని ఇంటికి పంపేస్తారు.

ఇక మింగితే విషం లెక్క. మిథనాల్ మూడో వర్గం, దానికి అంచనా విలువ ఒంటి బరువు కిలోకు 100 మిల్లీగ్రాములు, అంకె తగ్గేకొద్దీ విషం ఎక్కువ. 100ను 0.04తో భాగిస్తే 2,500. నాలుగో వర్గం 2,000 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి ఐరోపాలో దీనికి ఏ వర్గమూ లేదు. కానీ జీహెచ్‌ఎస్‌లో 5,000 దాకా అయిదో వర్గం ఉంది, హెచ్303, మింగితే హానికరం కావచ్చు అని. ఆ వర్గాన్ని తీసుకున్న దేశానికి ఆ వాక్యం రాయాలి, తీసుకోని దేశానికి రాయకూడదు. లేబుల్_మాస్టర్ గారు విభాగం 2 కూడా ఒక్కోసారి మారుతుందన్నది ఇందుకే.

లేబుల్_మాస్టర్
నోట్ చేసుకున్నా. నాకు మిథనాల్ తట్టనే లేదు.

కొత్త_ఎగుమతి
మూడు వారాల తర్వాత వస్తున్నా. డర్బన్ షీట్ ఒప్పుకున్నారు, ఒక్క ప్రశ్న అడిగారు, విభాగం 8 పట్టిక గురించే. రిటైర్డ్ సార్‌కు మా ఇంటి నుంచి మామిడికాయ పచ్చడి బాకీ. మపూటోకు పోర్చుగీసు, లుబుంబాషీకి ఫ్రెంచి పంతులమ్మగారే చేశారు. అత్యవసర ఫోన్‌కు 24 గంటలు ఎత్తే సర్వీసు ఒకటి ఏడాది చందాకు తీసుకున్నాం. యూఎన్ 1263 వేసిన లేబుళ్లు ప్రింటయ్యాయి.

అంతా అయిందనుకుంటే ఈ ఉదయం రెండో లాట్ జీసీ వచ్చింది. మిథనాల్ 11 శాతం. అంటే ఆ వ్యాపారి అసిటోన్ అని ఇచ్చినదాంట్లో మూడో వంతుకు పైగా మిథనాలే. అడిగితే, వాసన చూసుకోండి సార్, అసిటోన్ వాసనే కదా అంటాడు.

ల్యాబ్‌లో_రాత్రి
10 దాటింది కాబట్టి హెచ్371 పోయి హెచ్370 వస్తుంది. కలిగించవచ్చు కాదు, కలిగిస్తుంది. 100ను 0.11తో భాగిస్తే 909, మింగితే హానికరం హెచ్302 కూడా. బొమ్మలు మారవు, సంకేత పదం మారదు, వాక్యాలు మారతాయి. పాత లేబుల్ అతికించి పంపితే పైకి చూడ్డానికి అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. భయం అక్కడే.

కొత్త_ఎగుమతి
పంపడం లేదు మేడమ్. ఆ డ్రమ్ములు పక్కన పెట్టించాను, వ్యాపారికి వాపసు. ఫ్రెష్ అసిటోన్‌కు ఆర్డర్ పెట్టాను, డర్బన్ రేటు మీద నాకు మిగిలేది ఏమీ లేదు ఈసారి. దారెస్సలాం అన్నా, ఆ స్టిక్కర్ డిజైన్ పంపుతారా? డ్రమ్ముకు రెండొందల స్టిక్కర్ల చొప్పున ఇక్కడే కొట్టించి కట్టలు కట్టి పెడతా.

దారెస్సలాం_తెలుగోడు
పొద్దున పంపుత. రెండొందలు చాలవు తమ్మీ, అర లీటరు సీసాలకు నాలుగొందలు పెట్టు.